దృఢచిత్త పరీక్ష

షోరూముల్లో బండ్లు కొనేవాళ్లు మోసపోతున్నారని ఒక్క ఏడాదిలో నలభై వేల ఫిర్యాదులు రావడంతో ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. బండి కొనడానికి వెళ్లిన మనిషి బండితో పాటు సీటు కవర్లు, అడుగున తుప్పు పట్టని పూత, నాలుగేళ్ల అదనపు వారంటీ, తల ఊపే వినాయకుడు కూడా కొనుక్కుని వస్తున్నాడనీ, ఎందుకు కొన్నావని ఇంట్లో అడిగితే చెప్పలేకపోతున్నాడనీ ఆ ఫిర్యాదుల సారాంశం. సంఘం పదకొండు నెలలు కూర్చుంది. మూడు కొండ ప్రాంతాల్లో విడిది చేసి అధ్యయనం జరిపింది. అమ్మేవాళ్లు అమ్మడం వాళ్ల ధర్మమనీ, అందులో తప్పు పట్టడానికేమీ లేదనీ, లోపమంతా వద్దనలేని కొనుగోలుదారులలోనే ఉందనీ తేల్చి రెండు వందల పేజీల నివేదిక ఇచ్చింది. అంచేత షోరూముల జోలికి పోకుండా జనాన్నే బాగుచేయాలని నిర్ణయమైంది.

అలా వచ్చింది కొనుగోలుదారుల దృఢచిత్త చట్టం. బండి కొత్తదైనా పాతదైనా, కొనే మనిషి ముందుగా దృఢచిత్త ధ్రువపత్రం సంపాదించాలి. పత్రం లేనివాళ్లకు బండి అమ్మడం నేరం. ధర చెప్పడం కూడా నేరమే, ఎందుకంటే ప్రలోభం అక్కడే మొదలవుతుందని సంఘం కనిపెట్టింది.

తెనాలిలో మంగతాయారుకు ఈ సంగతేదీ తెలియదు. ఆమె ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. ఇరవై ఏళ్లుగా భర్త నాగభూషణం ఆ పిండిని డబ్బాల్లో నింపి స్కూటర్‌కు అటూ ఇటూ కట్టి హోటళ్లకు వేసి వచ్చేవాడు. కిందటి వానాకాలం కాలవకట్ట మీద స్కూటర్ జారింది. రెండు డబ్బాల పిండి కాలవ పాలైంది, నాగభూషణం భుజం ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది గాని ఇక బరువులెత్తితే తన దగ్గరికి రావద్దని డాక్టరు చెప్పాడు. అప్పుడు మంగతాయారు నలభై ఆరేళ్ల వయసులో డ్రైవింగ్ నేర్చుకుంది. మూడు ఆడపిల్లల హాస్టళ్లతో మాట్లాడుకుంది. జూన్ పన్నెండున హాస్టళ్లు తెరిచేనాటికి రోజూ తెల్లవారేసరికి పిండి వాళ్ల వంటింట్లో ఉండాలి. ఒక్కరోజు తప్పినా వేరేవాళ్లను చూసుకుంటామని వార్డెన్లు ముందే చెప్పేశారు. చేతిలో చీటీ పాడుకున్న అయిదు లక్షలున్నాయి. చిన్న వ్యాను ఒకటి కొంటే ఇల్లు గట్టెక్కుతుంది.

ఆమెతో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఎవరికీ వద్దని చెప్పలేని మనిషి. గుమ్మంలోకి వచ్చి అమ్మినవాడి మొహం చూసి జాలిపడి కొన్న కుక్కర్లు ఇంట్లో మూడున్నాయి. మంగతాయారుది మెత్తటి మనసని ఇరుగుపొరుగు మెచ్చుకుంటే, మెత్తన కాదు, రుబ్బిన పిండి అనేవాడు నాగభూషణం.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆమె షోరూముకు వెళ్లింది. అక్కడ రత్నరాజు అనే సేల్స్‌మన్ పదిహేనేళ్లుగా బండ్లు అమ్ముతున్నాడు. మామూలు రోజులైతే గేటు దాకా ఎదురొచ్చి, కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చేవాడు. ఆ రోజు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. వ్యాను ధర ఎంతని ఆమె అడిగితే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

“పత్రం లేనివాళ్లకి ధర చెప్తే నా ఉద్యోగం పోద్దమ్మా. బండి చుట్టూ ఓసారి తిరిగి చూసుకోండి. తలుపు మాత్రం తీయమాకండి.”

మంగతాయారు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, దృఢచిత్త నిర్ధారణ కార్యాలయం ఎక్కడో కనుక్కుని అటే వెళ్లింది.

కార్యాలయం ఒక పాత ధాన్యం గోదాములో పెట్టారు. కిటికీ వెనక గుమస్తా దరఖాస్తు ఇస్తూ, ఉత్త కాగితం కావాలా, ప్లాస్టిక్ ఫోల్డరుతో కావాలా అని అడిగాడు. ఫోల్డరుతోనే ఇవ్వమంది. పెన్ను కూడా తీసుకోమన్నాడు. తీసుకుంది. రేపు వచ్చే ధ్రువపత్రానికి ఇప్పుడే ఫ్రేము కట్టించుకుంటే చవకన్నాడు. అదీ నిజమేననిపించింది. డబ్బు పుచ్చుకున్నాక గుమస్తా ఆమె పేరెదురుగా రిజిస్టరులో రాసుకున్నాడు: “దరఖాస్తు దశలోనే మూడు లొంగుబాట్లు.”

ఆ కార్యాలయంలో ఎవరైనా సరేనన్నప్పుడల్లా దాన్ని ఒక లొంగుబాటుగా లెక్కపెడతారని ఆమెకు అప్పుడు తెలిసింది. పై అధికారి విశ్వంభరం ఆమెను లోపలికి పిలిపించాడు. ఆయన పొట్టిగా, గుండ్రంగా, ఇస్త్రీ మడత నలగకుండా ఉండే మనిషి. మామూలు మాటలు ఆయనకు ఇంట్లో కూడా రావని సిబ్బంది చెప్పుకునేవారు.

“దరఖాస్తుదారు ప్రస్తుతం అదృఢ దశలో ఉన్నట్లు ప్రాథమికంగా గమనించడమైనది. అయినను అధైర్యపడవలదు. పరీక్ష నిమిత్తం సిద్ధం కావలసినది” అన్నాడాయన.

పరీక్ష జరిగేది ఆ గోదాములోనే. మధ్యలో షోరూములో మాదిరిగా తివాచీ పరిచి, దీపాలు పెట్టి, నిజమైన వ్యాను ఒకటి నిలబెట్టారు. అభ్యర్థి నడిచి వస్తే శాఖ తరఫున ఒక విక్రేత నలభై వస్తువులు ఒకదాని తర్వాత ఒకటి అంటగట్టబోతాడు. నలభయ్యీ వద్దని లేచి వెళ్తే గంట మోగుతుంది, ఉత్తీర్ణులైనట్టు. అయితే ఇది ఉత్తుత్తి బేరమే కదా అని జనం తేలిగ్గా తీసుకుంటారేమోనన్న భయంతో చట్టంలో తొమ్మిదో సెక్షన్ పెట్టారు. పరీక్షలో జరిగిన అమ్మకం నిజమైన అమ్మకమే. దానికి ధ్రువపత్రం అక్కర్లేదు, శాఖ ఇచ్చిన రసీదే హక్కుపత్రం. అంటే సరేనన్న వస్తువుకు అక్కడికక్కడే డబ్బు కట్టి ఇంటికి మోసుకుపోవాల్సిందే. ఆ సెక్షన్ రాసింది తానేనని విశ్వంభరం అందరికీ చెప్పుకునేవాడు.

మొదటిసారి మంగతాయారు ఎదుట విక్రేతగా కూర్చున్నది ఆ కార్యాలయంలోనే పనిచేసే ఒక గుమస్తా. టై కట్టుకోవడం అలవాటు లేక ఊపిరాడక చెమటలు పడుతున్నాడు. నేర్చుకున్న మాటలు తడబడుతూ అప్పజెప్పాడు. అంత కష్టపడుతున్న మనిషిని కాదనడానికి మంగతాయారుకు నోరు రాలేదు. ఏడుసార్లు లొంగిపోయింది. సీటు కవర్లు, స్టీరింగ్ తొడుగు, సెంటు సీసా, రబ్బరు పట్టాలు, ఇంకా ఏవేవో ఆటోలో వేసుకుని ఇంటికి చేరింది.

నాగభూషణం సామానంతా దించుకుని వీధిలోకి తొంగి చూసి బండేదని అడిగాడు. బండి తర్వాత వస్తుందని ఆమె చెప్పింది. ఆయన సీటు కవర్లు తీసుకెళ్లి వరండాలో కుర్చీలకు తొడిగాడు.

తప్పినవాళ్లకు మూడు నెలల శిక్షణ తప్పనిసరి. రోజూ సాయంత్రం గోదాములో బారులు తీరి నిలబడి, కుడి అరచేయి ముందుకు చాపి, గడ్డం ఎత్తి, “వద్దు” అని వందసార్లు అనాలి. ఇంటి దగ్గర చేయవలసిన పని కూడా ఉండేది. రోజుకు పదిమందిని కాదని, కాదనిపించుకున్నవాళ్ల చేత పుస్తకంలో సంతకం పెట్టించుకు రావాలి.

రెండు నెలలు తిరిగేసరికి ఊరు ఊరంతా శిక్షణలో ఉంది. బస్సులో కండక్టరు టికెట్ అంటే వద్దని, పుస్తకం ముందుకు చాచి సంతకం అడిగేవాళ్లు. టీ బంకు దగ్గర టీ కావాలన్నవాళ్లను బంకు యజమాని పొమ్మనేవాడు, ఆయనకూ రోజుకు పది పూర్తి కావాలి గనక. గంగానమ్మపేటలో ఒక పెళ్లిచూపులకు వచ్చిన మగపెళ్లివారు కాఫీ వద్దన్నారు, పలహారం వద్దన్నారు, పిల్ల వద్దన్నారు. ఆడపెళ్లివారు కూడా శిక్షణలోనే ఉన్నందువల్ల ఏమీ నొచ్చుకోలేదు. ఒకరి పుస్తకాల్లో ఒకరు సంతకాలు చేసుకుని మర్యాదగా విడిపోయారు. తర్వాత తెలిసిందేమిటంటే పిల్లాడికీ పిల్లకూ ఒకరికొకరు నచ్చారు.

మంగతాయారు పుస్తకం మాత్రం నిండేది కాదు. కూరల బండి అతను, “నన్ను కాదనమ్మా, ఏం పర్లేదు, సంతకం పెడతాను” అని తనే అడిగినా, అతన్ని కాదన్నాక మనసొప్పక కిలో వంకాయలు కొనేది. అప్పుడు సంతకం చెల్లదు.

చట్టం మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. అది వచ్చిన ఆరు నెలల్లో జిల్లాలో ఏ ఒక్క కొనుగోలుదారూ షోరూములో మోసపోలేదని విశ్వంభరం పైకి నివేదిక పంపాడు. అది అక్షరాలా నిజం. ఆ ఆరు నెలల్లో షోరూములో ఎవరూ ఏమీ కొనలేదు. పత్రం లేనివాళ్లకు అమ్మరు. పత్రం వచ్చినవాళ్లు అప్పటికి ఎంత దృఢంగా తయారయ్యారంటే, బండి చూపిస్తే బండి కూడా వద్దనేవాళ్లు. షోరూములు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నివేదిక చదివిన పైవాళ్లు విశ్వంభరానికి శాలువా కప్పారు.

అదే సమయంలో శాఖకు ఇంకో సంగతి బోధపడింది. జీతాలన్నీ పరీక్ష తప్పినవాళ్లు కొన్న సామాను మీదే నడుస్తున్నాయి. జనం నేర్చుకుంటే జీతాలుండవు. దాంతో విక్రేత స్థానంలో గుమస్తాలను తీసేసి, షోరూములు మూతపడి ఉద్యోగాలు పోయిన అసలు సేల్స్‌మన్లను పెట్టారు. ఒక్కొక్కరికి నెలకు మూడు వందల లొంగుబాట్లు రాబట్టాలని లక్ష్యం విధించారు. అలా రత్నరాజు మళ్లీ టై కట్టుకుని గోదాములోకి వచ్చి పడ్డాడు.

మంగతాయారుకు రెండో పరీక్ష జూన్ తొమ్మిదిన వేశారు.

ఆ రోజు పొద్దున ఆమె పిండి రుబ్బి లోపల చేతులు కడుక్కుంటుండగా వీధిలో ఏదో పడ్డ చప్పుడైంది. వెళ్లి చూస్తే స్కూటర్ స్టాండు వేసి ఉంది. దాని పక్కన నిండు డబ్బా నేల మీద ఉంది. నాగభూషణం మెట్టు మీద కూర్చుని కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని ఉన్నాడు. మొహంలో రక్తం చుక్క లేదు.

“నువ్వు ఆ పరీక్షలూ గట్రా ఎన్నాళ్లని రాస్తావ్. హాస్టళ్లకి నేనే వేద్దామని, ఓసారి ఎత్తి చూశా” అన్నాడు, తప్పు చేసి పట్టుబడ్డవాడిలా.

ఆమె ఆయన్ను లోపల పడుకోబెట్టి, భుజానికి నూనె రాసి, చెక్కుపుస్తకం సంచిలో వేసుకుని బయల్దేరింది.

గోదాము గోడకు ఒక కొత్త నోటీసు అంటించి ఉంది. ఉత్తీర్ణులైనవారి ఇంటికి సిబ్బంది వచ్చి, ఇరుగుపొరుగును విచారించి, దృఢత్వం నిలకడగా ఉందని రూఢి చేసుకున్నాక, అరవై రోజులకు పత్రం ఇస్తారని దాని సారాంశం. మంగతాయారు దాన్ని రెండుసార్లు చదివింది. హాస్టళ్లు తెరవడానికి మూడు రోజులుంది.

ఆమె లోపలికి నడిచి కుర్చీలో కూర్చుంది. అద్దాల గదిలోంచి విశ్వంభరం చూస్తున్నాడు. రత్నరాజు ఆమెను గుర్తుపట్టాడు గాని లక్ష్యం గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాడు. నిమ్మకాయ నీళ్లతో మొదలుపెట్టాడు. వద్దండీ అందామె. సీటు కవర్లు ఉన్నాయంది. అదనపు వారంటీ గురించి రత్నరాజు మాట్లాడితే పదిహేనేళ్ల అనుభవం తొణికిసలాడింది. ఇవాళ ఒక్కరోజే ఈ ధర అన్నాడు. పై వాళ్లను అడిగొస్తానని లోపలికి వెళ్లి, ఊరికే గోడకేసి చూస్తూ నిలబడి, చెమట తుడుచుకుంటూ వచ్చి, మీకోసం ఒప్పించానన్నాడు. తన పిల్లల ఫీజుల మాట ఎత్తాడు, అవి నిజంగానే కట్టాల్సి ఉన్నాయి. మంగతాయారు అతను చెప్పినదంతా శ్రద్ధగా విన్నది. అరచేయి చాపలేదు, గడ్డం ఎత్తలేదు. ఒక్కో వస్తువుకూ, పిండి అయిపోయాక వచ్చిన మనిషితో చెప్పినట్టు, కుదరదండీ అంది. ఆమె కళ్ల ముందు మెట్టు మీద కూర్చున్న మనిషి తప్ప ఇంకెవరూ లేరు.

నలభయ్యో వస్తువు కూడా అయిపోయింది. ఇప్పుడామె లేవాలి, గంట మోగాలి. ఆమె లేవలేదు.

“ఈ వ్యాను ఎంతండీ?” అని అడిగింది.

శాఖ పెట్టిననాటి నుంచీ ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎవరూ ఆ మాట అడగలేదు. రత్నరాజు ఒకసారి వ్యాను వైపు, ఒకసారి ఆమె వైపు చూశాడు. అతను బండి అమ్మి ఏడు నెలలైంది. లేచి నిలబడి చొక్కా సర్దుకుని, ఆరు లక్షల ఇరవై వేలన్నాడు.

“అయిదు లక్షలండీ. తాళం ఇప్పుడే కావాలి.”

అయిదు తొంభై అన్నాడు. అయిదు డెబ్బై అన్నాడు. కొత్త బండి అన్నాడు. తిరిగింది పదకొండు కిలోమీటర్లే అన్నాడు. అవన్నీ నిజమేనని ఆమె ఒప్పుకుంది. నా దగ్గర అయిదే ఉన్నాయండీ అని, ఆపైన మాట్లాడకుండా ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. దీపాల వేడికి తివాచీ వాసన వస్తోంది. గోడ గడియారం కొట్టుకుంటోంది. ఎదుటివాడు ఏమీ మాట్లాడకపోతే అమ్మేవాడే ఏదో ఒకటి అనేస్తాడని రత్నరాజుకు తెలుసు. ఎన్నోసార్లు కొత్త కుర్రాళ్లకు తనే పాఠం చెప్పాడు. అయినా ఆగలేక, సరేనమ్మా అనేశాడు.

అమ్మకానికి అక్కడ ఉన్న ఫారం ఒకటే. దాని పేరు లొంగుబాటు పత్రం. రత్నరాజు అందులో వస్తువు అన్నచోట వ్యాను అనీ, మొత్తం అన్నచోట అయిదు లక్షలనీ రాసి, చెక్కు జతచేసి అద్దాల గదిలోకి తీసుకెళ్లాడు. విశ్వంభరం చదివి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. నలభై వస్తువులు కాదన్న మనిషి నలభై ఒకటోదానికి లొంగిపోయింది, అదీ అయిదు లక్షలకు. శాఖ చరిత్రలో అంత పెద్ద లొంగుబాటు ఎప్పుడూ జరగలేదు.

“విజయానికి కూతవేటు దూరంలో అభ్యర్థి పతనమగుట మిక్కిలి శోచనీయము” అని ఆనందంగా అంటూ సంతకం చేశాడు. రిజిస్టరులో ఆమె పేరెదురుగా అనుత్తీర్ణ అని తనే స్వహస్తాలతో రాశాడు. రసీదు మీద ముద్ర కొట్టాడు.

మంగతాయారు రసీదు మడిచి సంచిలో పెట్టుకుంది. తాళం అందుకుని వ్యాను ఎక్కింది. రత్నరాజు పరుగెత్తి వెళ్లి గోదాము పెద్ద తలుపులు తీశాడు. వ్యాను తివాచీ దిగి, కుదుపులతో రెండుసార్లు ఆగి, మూడోసారి ఎండలోకి వెళ్లిపోయింది.

విశ్వంభరం గదిలోంచి బయటికొచ్చి ఖాళీ తివాచీ చూశాడు.

“అభ్యర్థి వాహన సమేతంగా ఎచటికి పోవుచున్నది?”

“ఇంటికండీ” అన్నాడు రత్నరాజు.

పన్నెండో తారీఖు తెల్లవారేసరికి మూడు హాస్టళ్లకూ పిండి చేరింది. పక్క సీట్లో నాగభూషణం కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కుతూ ఉన్నాడు.

కార్యాలయంలో మాత్రం పని ఆగిపోయింది. వ్యాను లేకుండా పరీక్ష పెట్టే వీలు లేదు. కొత్త వ్యాను కొనడానికి మంజూరు తెచ్చుకుని విశ్వంభరం స్వయంగా గుంటూరులో ఇంకా మూతపడకుండా మిగిలిన ఒక్క షోరూముకు వెళ్తే, అక్కడివాళ్లు చాలా వినయంగా ధ్రువపత్రం చూపమన్నారు. ఆయనకు పత్రం లేదు. పరీక్ష రాస్తే గాని రాదు. పరీక్ష రాయాలంటే వ్యాను ఉండాలి. ఈ విషయమై ఏం చేయాలో చెప్పమని ఆయన పైకి ఫైలు పంపాడు. పైవాళ్లు సలహా నిమిత్తం దాన్ని మళ్లీ ఆయనకే పంపారు. జనం నెమ్మదిగా సంతకాల పుస్తకాలు అటక మీద పడేశారు. గంగానమ్మపేట పిల్లకు పెళ్లి కుదిరింది, ఆ పిల్లాడితోనే.

ఆగస్టులో ఒక ఉదయం విశ్వంభరం వెతుక్కుంటూ మంగతాయారు ఇంటికి వచ్చాడు. ఆమె వరండాలో పిండి పొట్లాలు కడుతోంది. ఆయన సీటు కవరు తొడిగిన కుర్చీలో కూర్చుని, ప్రజాహితం దృష్ట్యా వ్యానును వారానికి రెండు రోజులు శాఖకు అద్దెకివ్వవలసిందిగా కోరాడు. కుదరదండీ అంది. ఒక్కరోజన్నాడు. కుదరదండీ అంది. అద్దె రెట్టింపు చేస్తానన్నాడు. ప్రశంసాపత్రం ఇప్పిస్తానన్నాడు. ఆమె పొట్లానికి దారం చుడుతూ అదే మాట అంది, అంతే మెత్తగా. ఆయన తెచ్చిన ఫైలు తీసుకుని లేచి నిలబడ్డాడు.

“ఇంట్లో ఎంతమందండీ మీరు?” అని అడిగింది మంగతాయారు.

“కుటుంబ సభ్యులు నలుగురు” అన్నాడాయన.

అయితే కిలో దోసెల పిండి సరిపోతుందనీ, ఇడ్లీకైతే వేరే తీసుకోవాలనీ, ఇవాళ రుబ్బిందే కాబట్టి రేపటిదాకా పులవదనీ ఆమె చెప్పింది. పెసరట్టు పిండి కొత్తగా మొదలుపెట్టానని కూడా చెప్పింది. విశ్వంభరం ఒక చేతిలో ఫైలు, ఒక చేతిలో మూడు పొట్లాలు పట్టుకుని గేటు దాటాడు. నాలుగడుగులు వేశాక ఆగి, ఏదో గుర్తొచ్చినవాడిలా వెనక్కి వచ్చి, అల్లం పచ్చడి కూడా ఉందా అని అడిగాడు.